ఉమ్మడి గూటికి ఏకాదశి

212వ పోటు

రాయడానికి ఈ పూట చాలా ఉంది కానీ ముందు కప్పు గీకాలి. ఎగువపేటలో ఎవరి ఇంటి కప్పుకు పట్టిన మంచు వాళ్ళే గీక్కోవాలని నియమం. గీకింది కాచుకుంటే అవే తాగే నీళ్ళు. మా ఆయన రంగనాయకులు ఊరి వంటశాల చూసుకుంటారు. పెసలు మొలకెత్తించే తొట్లు కూడా ఆయన ఖాతాలోవే. అందుచేత గీకుడు నా వంతుకొచ్చింది. పెళ్ళినాటి ప్రమాణాల్లో ఇది ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

నా పేరు సుభాషిణి, ఉమ్మడి గూటికి కాపరిని. మేముండేది గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చంద్రుడి లోపల. మా నెత్తిన ఉన్నది ఆకాశం కాదు, మంచు. గురుడు లాగినప్పుడల్లా అది పొంగుతుంది. దాన్నే పోటు అంటాం, మాకు వారాలూ నెలలూ అవే. పొంగేముందు మంచు మూలుగుతుంది. ఆ మూలుగులో ఏది ఉత్త మూలుగో ఏది పగులో విని చెప్పే బోర్డు ఒకటి ప్రతి పేటకీ ఉంటుంది. దాన్ని చెవి అంటాం. చెవి తయారీకి కావలసిన డిజైన్లన్నీ, ఫిల్టర్లూ గిల్టర్లూ, బ్లాకులు బ్లాకులుగా పేర్చి పెట్టిన లైబ్రరీయే గూడు. ఏడు పేటలకీ ఒకటే గూడు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు.

ఈ పూట దిగువపేట చెవి కాలిపోయింది. అక్కడి కాపరి మాణిక్యాంబగారు మా ఆయనకు అక్క, నాకు వదిన. ఫోను చేసి ఏ గాబరా లేకుండా చెప్పారు. ఆవిడ గాబరా పడగా నేను చూడలేదు.

“ఏవమ్మా సుభాషిణీ, మా చెవి పోయింది. పెద్దలప్పుడే సభ చేసేశారు. 221వ పోటులోగా కొత్త చెవి రాకపోతే ఊరు ఖాళీ చెయ్యాలంట. మమ్మల్ని ఆరు పేటలకీ పప్పుబెల్లాల్లా పంచిపెడతారంట.”

221వ పోటు పెద్దది. గురుడి పక్క చంద్రుడు కూడా ఆ పూట దగ్గరికొచ్చి లాగుతాడు. చెవి లేకుండా ఆ రోజు ఎవరూ మంచు కింద పడుకోరు. ఇంతకీ ఖాళీ చెయ్యడమంటే తిరిగి వెళ్ళొచ్చని కాదు. వేడి ఆపిన వీధుల్ని మంచు మింగేస్తుంది. దిగువపేట అనే ఊరు ఇక ఉండదు.

“దీనికింత ఆలోచనేంటండీ వదినగారూ. గూట్లో కొత్త డిజైను ఉంది. తీసుకోండి, బోర్డు మీదికి ఎక్కించుకోండి. మీ ఊరికి ఎవరూ ఏమీ చెయ్యలేరు” అన్నాను. ఆ మాట అన్నాక చాలా గొప్పగా అనిపించింది. రెండు గంటెలు ఉప్మా ఎక్కువ తిన్నాను.

213వ పోటు

తెరుచుకోవడం లేదట.

“తెరుస్తుంటే ఏదో టూల్‌బాక్స్ లైసెన్సు కావాలంటుందే” అన్నారు వదినగారు.

“గూట్లో డబ్బులు కట్టే సరుకు ఒక్కటీ లేదండీ. నా మెషీన్లో అన్నీ చక్కగా తెరుచుకుంటున్నాయి.”

“నీ మెషీన్లో తెరుచుకుంటాయమ్మా. లైసెన్సు మీకుంది కదా.”

నిజమే, ఉంది. ఎగువపేట మొదటి పేట. తవ్వకాల కాలం నుంచి ఆ టూల్‌బాక్స్ అమ్మే భూమ్మీది కంపెనీతో ఒప్పందం ఉంది, ఏటేటా దానంతటదే పొడిగించుకుంటుంది. నేను పనిలో చేరినప్పటినుంచీ నా మెషీను రెడీమేడ్ లెక్కల కోసం ఆ టూల్‌బాక్సును అడగడం, అది ఇవ్వడం, నా కళ్ళముందే జరుగుతోంది, నాకు కనిపించకుండా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. కడబంతి ఒకటి ఉంటుందన్న సంగతే నాకు తెలియలేదు.

అప్పుడొక అనుమానం వచ్చింది. “వదినగారూ, నేను పంపిన కిందటి డిజైను తెరుచుకుందా?”

“లేదు.”

“అంతకు ముందుది?”

“అదీ లేదు. మా నాన్న కట్టిన చెవే ఇన్నాళ్ళూ లాగింది.”

“మరి పంపినప్పుడల్లా ‘అందింది, చాలా బాగుంది’ అని రాశారు కదండీ.”

“ఏటి రాయమంటావ్? పెళ్ళిలో కూర్చోబెట్టి వడ్డిస్తుంటే కూరలో ఉప్పు లేదని ఎవరంటారు? మొహమాటం ఉండదేంటి మనిషికి. మేమే కాదు, తక్కిన పేటలోళ్ళూ అంతే.”

ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియక కప్పు మళ్ళీ గీకాను. ఏడు పేటల గూడని పేరు, తినగలిగేది ఒక్క ఇల్లు.

నా మెషీన్లోనే డిజైను కట్టి బోర్డు పంపేస్తే పోదా అని మా ఆయన అడిగారు. పోదు. ఏ ఊరి మంచు గొంతు ఆ ఊరిది. అక్కడి మంచులో దిగేసిన మైకులతో వినాలి, దిద్దాలి, మళ్ళీ కట్టాలి, మళ్ళీ వినాలి, అక్కడే కూర్చుని. లైసెన్సు కాపీ పంపుదామంటే అది ఈ మెషీనుకే పుట్టింది, దీనితోనే పోతుంది. కొత్తది కొనాలంటే ఆ కంపెనీవాళ్ళు జవాబు రాసేలోగా పెద్ద పోటు వచ్చి వెళ్ళిపోతుంది. అమ్మ పెట్టదు, అడుక్కుతిననివ్వదు.

మిగిలింది ఒకటే దారి. గూట్లో ఎక్కడెక్కడ ఆ టూల్‌బాక్స్ దూరిందో వెతికి పీకెయ్యాలి. కానీ అన్నీ తెరుచుకునే మెషీన్లో, తెరుచుకోనిది ఏదో ఎలా కనిపెట్టడం?

214వ పోటు

దారి మా ఆయన చూపించారు. ఆయనకి ఆ సంగతి ఇంకా తెలియదు.

ఈ పూట ఏకాదశి. భూమినుంచి వచ్చే పంచాంగం చూసి ఆయన తప్పకుండా ఉపవాసం ఉంటారు. “అన్నం విలువ తెలియాలంటే మానేసి చూడాలి” అని ప్రతిసారీ అంటారు, నేను ప్రతిసారీ వినను. ఈసారి విన్నాను. నా మెషీనుకు కూడా ఏకాదశి పెడితే ఏమవుతుంది? లైసెన్సు ఆపేస్తే ఏ బ్లాకు ఆకలికి పడిపోతుందో అదే దొంగ.

సెట్టింగుల్లోకి వెళ్ళి లైసెన్సు ఆపాను. గూడు తెరిచాను. రెండు బ్లాకులు ఎర్రబడ్డాయి. ఒకటి విండో బ్లాకు. వచ్చిన చప్పుడును ముక్కలుగా కోసినప్పుడు అంచులు కరుకుగా రాకుండా నునుపు చేసేది అదే. తెరిచి చూస్తే అందులో ఉన్నదల్లా ఒక కొసైను, రెండు అంకెలు. ఇంతమాత్రానికి భూమ్మీది కంపెనీ గుమ్మం ముందు నిలబడ్డాం. సూత్రం చేత్తో రాసి పెట్టాను. రెండోది ఫిల్టరు అంకెలు లెక్కగట్టేది. దానికి కాస్త చెమట పట్టింది, అయినా మధ్యాహ్నానికల్లా లొంగింది.

అన్నీ పచ్చబడ్డాయి. గూడు దిగువపేటకు పంపేసి, కాపరి జన్మ ధన్యమైందనుకుంటూ వంటశాలకు వెళ్ళాను. మా ఆయన మినపరొట్టె తింటున్నారు. పక్కన అటుకుల ఉప్మా, అరటిపండ్లు, గ్లాసెడు పాలు.

“ఉపవాసం కదండీ?”

“ఇది ఫలహారం. అన్నం ముట్టలేదు” అన్నారు, నేనేదో అడగరానిది అడిగినట్టు.

215వ పోటు

మళ్ళీ తెరుచుకోలేదు.

“రెండు మారాయి. మిగతావి అలాగే ఉన్నాయి” అన్నారు వదినగారు. ఈసారి మొహమాటం లేకుండా చెప్పినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

నా దగ్గర చూస్తే అన్నీ పచ్చగానే ఉన్నాయి. లైసెన్సు ఆపేసే ఉంది. మెషీను ముందు కూర్చుని దాన్ని తిట్టాను, నన్ను తిట్టుకున్నాను, ఆ కంపెనీని తిట్టాను. తిట్లు అయిపోయాక నిన్నటి మినపరొట్టె గుర్తొచ్చింది.

ఉపవాసమని చెప్పి ఇది ఏం తింటోంది?

లోపలికి వెళ్ళి తవ్వితే దొరికింది. లైసెన్సు ఆపితే అది నిజంగా ఆగదు. భూమితో లైను తెగిన రోజున పని ఆగకూడదని కంపెనీవాళ్ళు కొన్నాళ్ళకు సరిపడా అనుమతి మెషీన్లోనే దాచి ఉంచారు. ఎప్పుడూ వాడే బ్లాకులన్నీ ఆ చాటుసరుకు మీద హాయిగా బతుకుతున్నాయి. ఎప్పుడో గానీ తెరవని రెండు బ్లాకులకే ఆ సరుకు అందక పడిపోయాయి. నేను వాటిని లేపి కూర్చోబెట్టి దొంగలందరూ దొరికారనుకున్నాను.

మా ఆయనతో ఈ సంగతి చెప్పాను.

“అంటే నీ మెషీను నాలాంటిదేనన్నమాట” అన్నారు.

“మీ అక్క ఊరు పోతుంటే మీకు నవ్వొస్తోందా?”

ఆయన నవ్వు ఆపేశారు. “అక్క అక్కడే పుట్టింది. నేనూ అక్కడే పుట్టాను. ఏం చెయ్యాలో చెప్పు, చేద్దాం” అన్నారు.

చెయ్యవలసింది ఒకటే. ఫలహారం కూడా లేని ఉపవాసం, నిర్జలం. లైసెన్సు ఆపడం కాదు, కంపెనీకి తిరిగి ఇచ్చెయ్యాలి. ఇచ్చేస్తేనే దాచిన సరుకు కూడా పోతుంది. ఒకసారి ఇచ్చాక మళ్ళీ ఇస్తారో లేదో వాళ్ళ ఇష్టం. అది నా ఒక్కదాని సొమ్ము కాదు, ఊరు ఒప్పుకోవాలి.

216వ పోటు

వంటశాలలో సభ. మా ఊరి పెద్ద సోమిదేవమ్మగారు గట్టి మనిషి. చుట్టం పని అయినా ఊరి పని అయినా ఒకే తూకం.

“లైసెన్సు ఇచ్చేశాక మన చెవికి ఏమైనా అయితే?” అన్నారు.

“ఇప్పుడున్న బోర్డు పనిచేస్తూనే ఉంటుందండీ. కానీ దిద్దుకోవాలంటే గూడు శుభ్రపడేదాకా మనకీ తెరుచుకోదు.”

“అంటే వాళ్ళని బయటికి లాగడానికి మనమూ గోతిలోకి దిగుతున్నాం.”

“అవునండీ” అన్నాను. ఇంకేమన్నా అబద్ధమయ్యేది.

నాకు భయం వేసింది, ఆ సంగతీ చెప్పాను. పని పూర్తికాకపోతే ఒక ఊరు కాదు, రెండు ఊళ్ళు పెద్ద పోటుకు చెవి సరిగా లేకుండా నిలబడతాయి. నేను తెలివైనదాన్నని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఆ మెషీను అన్నీ అందిస్తుంటే తెలివి ఎవరికైనా వస్తుంది. అదీ చెప్పాను.

సోమిదేవమ్మగారు మా ఆయన వైపు చూశారు. “ఏం రంగనాయకులూ, మీ అక్క మన ఊరొచ్చి ఉంటానంటుందా?”

“వస్తే వంటశాల ఆవిడ చేతికెళ్ళిపోద్దండి. నేను తొట్లు కడుక్కోవాలి” అన్నారాయన.

జనం నవ్వారు. ఆ నవ్వులోనే చేతులెత్తారు. సోమిదేవమ్మగారు అందరికంటే ఆఖరున ఎత్తారు, కానీ ఎత్తారు. అక్కడే అందరి ముందూ లైసెన్సు తిరిగి ఇచ్చేశాను.

217వ పోటు

సగం గూడు ఎర్రబడింది. చెవి ప్రాణం లాంటి బ్లాకు, చప్పుడును స్వరాలుగా విడదీసేది, అదే టూల్‌బాక్స్ సొమ్ము. చప్పుడు ఎంత పెద్దదో డెసిబెల్సులో చెప్పేది కూడా దానిదే. ఇన్నాళ్ళూ నా గూడు, నా గూడు అని తిరిగాను, వాసాలన్నీ అద్దెవి.

లైను తెరిచి వదినగారితో కూర్చున్నాను. ఆవిడ ఎర్రబ్లాకు పేరు చదివితే నా దగ్గరా అదే ఎరుపు. నేను చదివితే అక్కడా అదే. పెళ్ళయి ఇన్నేళ్ళైంది, మేమిద్దరం ఒకే మాట అనడం ఇదే మొదలు.

“ఇప్పుడు తెలిసిందా మా ఆకలి?” అన్నారు.

“తెలిసిందండీ. పేగులు అరుస్తున్నాయి.”

“అయితే పద. స్వరాల బ్లాకు నేను పడతా. మా నాన్న చెవిలో ఏ టూల్‌బాక్సూ లేదు, కూడికలూ తీసివేతలూ గుణకారాలే. ఆ పద్ధతే పెద్దది చేస్తే సరి. డెసిబెల్సు నువ్వు చూసుకో.”

చూసుకున్నాను. డెసిబెల్సు అంటే ఒక లాగరిథమ్, ఒక గుణకారం. ఊరి చిన్నబడిలో చెప్పే లెక్క.

219వ పోటు

రెండు పోటుల పాటు నిద్ర తక్కువ, తిట్లు ఎక్కువ, టీకి లెక్కే లేదు. వదినగారి స్వరాల బ్లాకు మొదట స్వరాలన్నీ తలకిందులుగా ఇచ్చింది. ఆవిడ దానితో మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను, ఈ లాగ్‌బుక్కు చిన్నపిల్లలు కూడా చదువుతారు. తర్వాత దారికొచ్చింది.

ఒక్కొక్కటే పచ్చబడుతూ వచ్చి చివరికి ఒక్క బ్లాకు మిగిలింది. దాని లోపల ఉన్నవన్నీ పచ్చ. పైది మాత్రం ఎరుపు. ఇద్దరం అటూ ఇటూ కూర్చుని దాన్ని పొరలు పొరలుగా ఒలిచాం. ఏమీ కనబడదు, అయినా లైసెన్సు అంటుంది.

“లోపల ఏమీ లేదే. పైన ఏటుంది?” అన్నారు వదినగారు.

పైన ఒక బొమ్మ ఉంది. బ్లాకు మీద గుర్తుకోసం ఎవరో వేసిన చిన్న చెవి బొమ్మ. చెవికి నీలిరంగు. ఆ నీలం ఎంత ముదురుగా ఉండాలో లెక్కగట్టేది టూల్‌బాక్స్ ఫంక్షను.

నేను తల పట్టుకున్నాను. వదినగారు మాత్రం నవ్వారు, లైను అదిరిపోయేలా నవ్వారు, నవ్వి నవ్వి దగ్గారు. “చెవి రంగు కోసం చెవిటోళ్ళయిపోయామే” అన్నారు.

బొమ్మ తీసేశాను. రెండు మెషీన్లలోనూ ఒకేసారి గూడంతా పచ్చబడింది. తక్కిన పేటలకు కూడా పంపి, ఒక ముక్క రాశాను: తెరుచుకోకపోతే బాగుందని రాయవద్దు, తిట్టండి.

సోమిదేవమ్మగారు వచ్చి లైసెన్సు మళ్ళీ ఎప్పుడు అడగాలన్నారు. ఏడు పేటల్లోనూ తెరుచుకున్నాక, అప్పటికింకా కావాలనిపిస్తే అడుగుదామన్నాను. ఆవిడ గూడు వైపు చూసి, నా వైపు చూసి, ఉప్మా అయిపోకముందే రమ్మని చెప్పి వెళ్ళారు.

220వ పోటు

వదినగారు బోర్డు కట్టారు. విన్నారు, దిద్దారు, మళ్ళీ కట్టారు. వాళ్ళ పడమటి వీధి మంచుకు గొంతు మారిందట, ఇంతకుముందు ఎప్పుడూ వినని చిన్న కీచు ఒకటి వస్తోందట. అది మైకు తప్పో, కొత్త బోర్డు తప్పో, మంచే అలా అంటోందో తెలియడం లేదు. దాన్ని పట్టుకునేలా ఫిల్టరు మరోసారి దిద్దుతున్నారు. పెద్దలు వచ్చి చూసి, చెవి పలుకుతోంది కాబట్టి ఈ పోటుకు ఉండొచ్చన్నారు. తప్పుగా పలికితే ఖాళీ చెయ్యవలసిందేనని కూడా అన్నారు.

నాకు అన్నం సయించలేదు. మా ఆయనకూ సయించలేదు, ఈసారి ఫలహారం కూడా.

221వ పోటు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోటు మొదలయ్యేసరికి మా ఊరంతా వంటశాలలో చేరింది. దిగువపేట లైను తెరిచే ఉంచాం. పగులు వినబడితే చెవి హెచ్చరిస్తుంది; దానికి ఏ గొంతు పెట్టుకోవాలన్నది ఆ పేట ఇష్టం, మాది గంట కొడుతుంది. వదినగారు తన గొంతే పెట్టారని అప్పటిదాకా నాకు తెలియదు. మంచు మూలుగు పెరిగింది. కప్పునుంచి మంచు సన్నగా రాలింది. అప్పుడు లైనులో వినబడింది.

“పడమటి వీధోళ్ళు, ఉన్నపళంగా లేచి తూర్పుకి రండి. సామాన్లు వద్దు. దుప్పట్లు చాలు.”

చెవి అన్నదో ఆవిడే అన్నారో తెలియలేదు, ఎందుకంటే వెంటనే అదే గొంతు ఇంకా పెద్దగా, “వినబడిందా, రమ్మంటుంటే” అంది. ఆవిడ చెవి పక్కనే నిలబడి దానితో పాటు అరుస్తున్నారు. పరుగులు వినబడ్డాయి. ఎవరో పసివాణ్ణి సముదాయిస్తున్నారు. ఎవరో ముసలాయన సామాన్లు వద్దంటే వినడం లేదు, వదినగారు ఆయన్ని పేరుపెట్టి తిడుతున్నారు. తర్వాత ఒక పెద్ద చప్పుడు వచ్చింది. మా కాళ్ళకింద నేల కూడా కదిలింది. లైను తెగిపోయింది.

మా ఆయన లేచి నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ బోర్డులో నేను రాసిన ప్రతి అంకె ఒకసారి మనసులో తిరిగింది. ఒక్కటి తప్పు వేసినా ఇప్పుడు దిద్దడానికి లేదు.

ఎంతసేపో తెలియదు. లైను గరగరమని మళ్ళీ కలిసింది.

“సుభాషిణీ.”

“వదినగారూ, చెప్పండి.”

“పడమటి వీధి కప్పు మొత్తం దిగిపోయింది.”

మా ఆయన ఫోను దగ్గరికి వంగారు. “అక్కా, మనుషులు?”

“పేరుపేరునా పిలిచాన్రా. అందరూ పలికారు.”

వంటశాలలో ఎవరో ఏడ్చారు. తర్వాత చూసుకుంటే అది నేనే. సోమిదేవమ్మగారు నా వీపు నిమిరారు, ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

“వచ్చెయ్యండక్కా ఇటు. అందరూ వచ్చెయ్యండి. పడకలు వేయించేస్తాను” అన్నారు మా ఆయన.

“ఎందుకురా రావడం? ఊరు ఊళ్ళోనే ఉంది కదా. ఒక వీధే కదా పోయింది. రేపటినుంచి తవ్వుకోవాలి, గునపాలుంటే పంపు.”

ఆయన అప్పటికే గోడవార గునపాలు ఏరుతున్నారు.